వైరస్‌కు ఎర బుట్ట: డెకాయ్ రిసెప్టర్లు ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి

రాజురా, కోర్పనా, కిన్వట్ వైపు పత్తి పూతకొచ్చే వేళకు చేలల్లో కర్రలు లేస్తాయి. కర్రకు వేలాడే పొడవాటి ప్లాస్టిక్ సంచి, దాని మూతి మీద చిన్న గొడుగు, గొడుగు కింద వేలి గోరంత రబ్బరు బిళ్ల. మహారాష్ట్ర వ్యవసాయ శాఖ కాగితాల్లో వీటి పేరు కామగంధ సాపళే. సరిహద్దు దాటి ఆసిఫాబాద్ వైపు వెళ్తే లింగాకర్షక బుట్టలు. బిళ్లలో ఉండేది గాసిప్లూర్, అంటే గులాబీ రంగు పురుగు జాతిలో ఆడ రెక్కల పురుగు వదిలే వాసనకు నకలు. మగది ఆ వాసన పట్టుకుని వస్తుంది, సంచిలో పడుతుంది, అసలు ఆడదాన్ని చేరదు.

వైరస్‌ను కూడా ఇలాగే పట్టొచ్చా అన్న ప్రయత్నం దాదాపు నాలుగు దశాబ్దాలుగా నడుస్తోంది. అందులో వాడే ఎర పేరే డెకాయ్ రిసెప్టర్. ఫోన్లలో తిరిగే సందేశాల్లో ఇది ‘ముక్కులో కొట్టుకుంటే వైరస్ ఇరుక్కుపోతుంది, ఇక టీకాలే అక్కర్లేదు’ అనే దాకా వెళ్లింది. అసలు సంగతి అంత తేలిక కాదు, అలాగని కట్టుకథా కాదు. ఎరకు వైరస్ అంటుకోవడం ఇందులో సులువైన భాగం. ఎర ఎక్కడ ఉంది, ఎంత చిక్కగా ఉంది, ఎంతసేపు నిలిచింది అన్న చోటే చాలా మందులు ఆగిపోయాయి.

రిసెప్టర్ అంటే, వెనక ఇల్లు లేని తలుపు అంటే

వైరస్ తనంతట తాను పెరగలేదు. ఏదో ఒక కణంలోకి దూరాలి. దూరడానికి ముందు కణం పైపొరలోని ఏదో ఒక ప్రోటీన్‌ను పట్టుకోవాలి. ఆ ప్రోటీనే దానికి రిసెప్టర్, తెలుగు పుస్తకాల్లో గ్రాహకం. దాన్ని శరీరం వైరస్ కోసం పెట్టుకోలేదు. కరోనా వైరస్ పట్టుకునే ఏసీఈ2 అసలు పని, రక్తపోటును పెంచే యాంజియోటెన్సిన్ 2 అనే పదార్థాన్ని కత్తిరించడం. హెచ్ఐవీ పట్టుకునే సీడీ4 రోగనిరోధక కణాల మధ్య మాటామంతీకి పనికొస్తుంది. జలుబు తెప్పించే రైనోవైరస్‌లలో ఎక్కువ రకాలు పట్టుకునే ఐక్యామ్-1, తెల్ల రక్తకణాలు అవసరమైన చోట ఆగడానికి ఊతం.

ఏసీఈ2 మొత్తం 805 అమైనో ఆమ్లాల గొలుసు. మొదటి 740 కణం బయటకు పొడుచుకుని ఉంటాయి, మిగతావి పొరలో పాతుకుని ఉంటాయి. పాతుకున్న ముక్కను తీసేసి, బయటి భాగాన్ని మాత్రమే ల్యాబులో తయారుచేస్తే అది ద్రవంలో స్వేచ్ఛగా తేలుతుంది. వైరస్ దాన్ని చూసి తలుపే అనుకుని పట్టుకుంటుంది. తలుపు ఉంది, వెనక ఇల్లు లేదు. అంతే డెకాయ్.

పట్టుకున్నాక ఏమవుతుంది? మామూలుగా వైరస్ కొక్కెం మూసుకుపోతుంది, నిజమైన కణాన్ని పట్టుకోవడానికి అందులో చోటుండదు. కొన్ని వైరస్‌లలో ఇంకోటి కూడా జరుగుతుంది. కొక్కెం బిగించిన స్ప్రింగులాంటిది, ఎర తగలగానే విడిపోతుంది. కణం పక్కన విడిపోవాల్సింది దారిలోనే విడిపోతే ఆ కొక్కెం ఇక పనికిరాదు. మూడోది, ఎరకు యాంటీబాడీ తోక భాగాన్ని అతికిస్తే రోగనిరోధక కణాలు దాన్ని గుర్తుపట్టి వైరస్‌తో సహా మింగేస్తాయి. ఈ తోక వల్ల ఎర రక్తంలో ఎక్కువ కాలం నిలుస్తుంది కూడా. దాని సంగతి కింద వస్తుంది.

ఇక్కడే ఒక గందరగోళం తీర్చుకోవాలి. 2023 జనవరిలో మన దేశంలో వచ్చిన ఇన్‌కోవాక్ ముక్కులో వేసే చుక్కలే, కానీ అది టీకా. శరీరానికి నేర్పుతుంది, తాను వైరస్‌ను పట్టుకోదు. 2022లో వచ్చిన ఫాబిస్ప్రే నైట్రిక్ ఆక్సైడ్ వదిలే స్ప్రే, అదీ డెకాయ్ కాదు. సముద్రపు నాచు నుంచి తీసే క్యారజీనన్ స్ప్రేలు కాస్త దగ్గరి చుట్టాలు. కణాల మీద హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర పూత ఉంటుంది, చాలా వైరస్‌లు ముందు దాన్నే తడుముతాయి. క్యారజీనన్ ఆ పూతకు నకలు లాంటిది. యాంటీబాడీ మందులు వేరే దారి: అవి వైరస్ మీద ఒకానొక చోటును గుర్తుపట్టి అంటుకుంటాయి, ఆ చోటు మారిపోతే జారిపోతాయి.

ఒక లెక్క: ఎన్ని ఎరలు కాదు, ఎంత చిక్కగా

ఎర, వైరస్ ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుంటాయో చెప్పే ఒక అంకె ఉంది, విడుదల స్థిరాంకం. ద్రవంలో ఎర ఎంత చిక్కగా ఉంటే సగం కొక్కేలు మూసుకుంటాయో ఆ చిక్కదనమే ఆ అంకె. చిన్నదైతే పట్టు గట్టిదని అర్థం. మూసుకున్న వంతు కావాలంటే చిక్కదనాన్ని, చిక్కదనం ప్లస్ ఈ అంకెతో భాగించాలి.

కరోనా వైరస్ కొక్కేన్ని స్పైక్ అంటారు. మామూలు ఏసీఈ2కు, మొదటి రకం కరోనా స్పైక్‌కు మధ్య ఈ అంకె సుమారు 20 నానోమోలార్ (నానోమోలార్ అంటే ద్రవంలో చిక్కదనానికి ఒక కొలత). ఒక కరోనా వైరస్ మీద సగటున 24 స్పైకులు ఉన్నట్టు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లెక్కలు. ఒక్కో స్పైకుకు మూడు పట్టులుంటాయి గానీ లెక్క తేలికగా ఉండాలని ఒకటే అనుకుందాం.

ఎర 20 నానోమోలార్ ఉంటే 20 ని 40 తో భాగించాలి, సగం. 12 స్పైకులు ఇంకా తెరిచే ఉన్నాయి. వైరస్‌కు అది ఇబ్బందే కాదు. 180 నానోమోలార్‌కు పెంచితే 180 ని 200 తో భాగించాలి, 90 శాతం. ఇంకా రెండు మూడు స్పైకులు ఖాళీ. ఎరను తొమ్మిది రెట్లు చేసినా పని పూర్తికాలేదు.

దీన్ని మందు మోతాదులోకి మార్చి చూద్దాం. ఈ ఎర అణుభారం సుమారు లక్ష డాల్టన్లు అనుకుంటే, 20 నానోమోలార్ అంటే మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాములు. మనిషి రక్తంలో ప్లాస్మా సుమారు 3 లీటర్లు. 60 కిలోల మనిషికి కిలోకు 0.4 మిల్లీగ్రాముల చొప్పున సూది వేస్తే 24 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 8 మైక్రోగ్రాములు, 80 నానోమోలార్. 80 శాతం మూత. 24 లో దాదాపు అయిదు స్పైకులు తెరిచే ఉన్నాయి. ఇది సూది వేసిన నిమిషంలో, అదీ రక్తంలో. ఊపిరితిత్తుల గాలి వైపు, వైరస్ నిజంగా పెరిగే చోట, ఇంకా తక్కువ. ఇంత పెద్ద ప్రోటీన్ రక్తనాళం గోడ దాటి అటు పోవడం కష్టం.

గమనించండి, 24 మిల్లీగ్రాముల్లో ఎర అణువులు వెయ్యి కోట్ల కోట్ల పైచిలుకు. ఒంట్లో ఉండే వైరస్‌లతో పోలిస్తే అది లెక్కకందని సంఖ్య. అయినా చాలలేదు, ఎందుకంటే ఎర అంటుకుని వదులుతూ ఉంటుంది, మళ్లీ అంటుకోవడానికి పక్కనే ఇంకో ఎర ఉండాలి. పత్తి రైతుకు ఇది అర్థమయ్యే సంగతే. ఎకరానికి రెండు బుట్టలు కడితే పురుగు ఎప్పుడు వచ్చిందో తెలుస్తుంది. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి పడితే మందు కొట్టే వేళయిందని లెక్క. పురుగును పట్టి తగ్గించాలంటే ఎకరానికి ఎనిమిది, పది కట్టాలి. ఆడ పురుగులు అప్పటికే చేను నిండా ఉంటే అవీ చాలవు.

పట్టు గట్టిదైతే? 2020లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ప్రోకో బృందం ఏసీఈ2లో వేల మార్పులను ఒక్కొక్కటిగా పరీక్షించి, మూడు అమైనో ఆమ్లాలు మార్చిన రకాన్ని తయారుచేసింది. దాని అంకె సుమారు 0.6. అదే 20 నానోమోలార్‌కు ఇప్పుడు 97 శాతం మూత, తెరిచి ఉండేది సగటున ఒక్క స్పైకు కూడా కాదు. మోతాదు పెంచకుండానే ఆట మారిపోయింది. ఈ రంగంలో ఇప్పుడు పనంతా ఇక్కడే జరుగుతోంది.

మూడు వైరస్‌లు, మూడు దెబ్బలు

మొదటిది హెచ్ఐవీ. 1987-88లో ల్యాబులో సీడీ4 ఎర వైరస్‌ను అద్భుతంగా ఆపింది. రోగులకు ఇచ్చారు, రక్తంలో వైరస్ తగ్గలేదు. కారణం 1990లో తేలింది. ల్యాబులో తరతరాలుగా పెంచిన వైరస్ ‘పెంపుడు’ రకం. రోగి నుంచి నేరుగా తీసిన వైరస్‌ను ఆపాలంటే ఎర 200 నుంచి 2,700 రెట్లు ఎక్కువ కావాల్సి వచ్చింది. దాని స్పైకు మడతల్లో పట్టు చోటును దాచుకుంటుంది. పైగా సీడీ4 ఎర రక్తంలో గంట, అటూ ఇటూగా, సగానికి పడిపోయేది. మోతాదు తక్కువైనప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. సీడీ4 తగలగానే హెచ్ఐవీ స్పైకు రూపం మార్చుకుని రెండో తలుపు సీసీఆర్5 కోసం సిద్ధమవుతుంది. అరకొర ఎర కొన్ని కణాల్లో వైరస్‌కు ఆ పని చేసిపెట్టింది. 2015లో మైకేల్ ఫర్జాన్ బృందం ఈ తప్పునే మందుగా మలిచింది. సీడీ4తో పాటు సీసీఆర్5 ముక్కకు నకలు కూడా అతికించి, యాంటీబాడీ తోక తగిలించి, ఆ జన్యువును హాని చేయని ఒక వైరస్ ద్వారా కోతుల కండరాల్లోకి పంపింది. కోతుల ఒళ్లే ఎరను నెలల తరబడి తయారుచేసుకుంది. పదేపదే వైరస్ ఎక్కించినా సోకలేదు.

రెండోది జలుబు. ఐక్యామ్-1 ఎర పేరు ట్రెమాకామ్రా, ముక్కులో కొట్టే మందు. 1999లో వెలువడిన పరీక్షలో ఆరోగ్యవంతులకు రైనోవైరస్ ఎక్కించి, దానికి 7 గంటల ముందో 12 గంటల తర్వాతో మందు మొదలుపెట్టారు. రోజుకు ఆరుసార్లు, ఏడు రోజులు కొట్టుకోవాలి. జలుబు బాధలు దాదాపు 45 శాతం తగ్గాయి. స్పష్టంగా జలుబు చేసినవాళ్లు 67 శాతం నుంచి 44 శాతానికి దిగారు. వినడానికి బాగుంది. కానీ వైరస్ సోకినవాళ్లు ఉత్తుత్తి మందు గుంపులో 92 శాతం, అసలు మందు గుంపులో 85 శాతం. సోకకుండా ఆపలేదు, సోకాక జోరు తగ్గించింది. ఈ రెండింటి తేడా ప్రకటనల్లో ఎప్పుడూ కలిసిపోతుంది. ఇక ముక్కులో శ్లేష్మం ఊరికే ఉండదు, పైపొర నూగు దాన్ని గొంతు వైపు నెడుతూనే ఉంటుంది. పది ఇరవై నిమిషాల్లో కొట్టిన మందు చాలావరకు కడుపులోకి పోతుంది. ఆరుసార్లు ఎందుకు కొట్టాల్సి వచ్చిందో దీన్నిబట్టే తెలుస్తుంది. జలుబుకు రోజుకు ఆరుసార్లు ముక్కులో మందు కొట్టుకునేవాళ్లు ఎందరు? ఆ మందు అంగడికి రాలేదు.

రైనోవైరస్‌లోనే మరో పాఠం ఉంది. కొన్ని రకాలు ఐక్యామ్-1 జోలికి పోకుండా ఎల్‌డీఎల్ఆర్ అనే మరో రిసెప్టర్‌ను పట్టుకుంటాయి, రైనోవైరస్ సి జాతి సీడీహెచ్ఆర్3ని పట్టుకుంటుంది. గాసిప్లూర్ బిళ్లకు శనగపచ్చ పురుగు రాదు, దానికి హెలిల్యూర్ కావాలి. అలాగే ఒక ఎర అన్ని జలుబులకూ పనికిరాదు.

మూడోది కరోనా. వియన్నాలోని అపైరాన్ సంస్థ ఏపీఎన్01 అనే ఏసీఈ2 ఎరను 2020లో పరీక్షకు తెచ్చింది. కణాల పాత్రల్లో వైరస్‌ను వెయ్యి నుంచి ఐదువేల రెట్లు తగ్గించింది. మోతాదు కిలోకు 0.4 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. పైన మనం వేసిన లెక్క దాన్నిబట్టే. 178 మంది దవాఖాన రోగుల మీద చేసిన పరీక్షలో మరణాన్ని, వెంటిలేటర్‌ను గణాంకాల ప్రకారం నమ్మదగినంతగా తగ్గించలేకపోయింది. దవాఖానలో చేరేసరికి చాలామందిలో వైరస్ పెరుగుదల శిఖరం దాటిపోయి, ఒంటి సొంత వాపు మంట నడుస్తుంటుంది. చేను కాయ కోతకొచ్చాక బుట్టలు కట్టినట్టు.

వైరస్ దీన్ని తప్పించుకోలేదా?

డెకాయ్‌ను సమర్థించేవాళ్ల ప్రధాన వాదన ఇదీ: వైరస్ ఎరను తప్పించుకోవాలంటే రిసెప్టర్‌నూ వదులుకోవాలి, వదులుకుంటే బతకదు. యాంటీబాడీ మందుల గతి చూస్తే ఈ వాదనకు బలం ఉంది. ఒమిక్రాన్ రకాలు వచ్చాక ఒక్కొక్కటీ పనికిరాకుండా పోయాయి. బెబ్టెలోవిమాబ్‌కు అమెరికాలో 2022 నవంబరులో, ఎవుషెల్డ్‌కు 2023 జనవరిలో అనుమతి ఆగింది. అదే కాలంలో ల్యాబుల్లో ఏసీఈ2 ఎరలు ఒమిక్రాన్‌నూ పట్టాయి.

అటువైపు వాదన కొట్టిపారేయదగ్గది కాదు. మందుగా వాడే ఎర అసలు రిసెప్టర్‌కు అచ్చు నకలు కాదు, పట్టు పెంచడానికి మార్చినది. మార్చిన చోట్లను మాత్రమే తప్పించుకునే వైరస్ అసలు తలుపును పట్టుకోగలదు. అందుకే మార్పులు ఎంత తక్కువైతే అంత మంచిదని ఈ పని చేసేవాళ్లు అనుకుంటారు. హెచ్ఐవీలా పట్టు చోటును మడతల్లో దాచడం ఇంకో దారి. వేరే రిసెప్టర్‌కు మారిపోవడం మూడో దారి.

ఇక దుష్ఫలితాల మాట. ఏసీఈ2 ఎర తేలుతూ కూడా యాంజియోటెన్సిన్ 2ను కోస్తూనే ఉంటుంది. కొందరు దీన్ని లాభమంటారు, ఊపిరితిత్తుల వాపుకు మంచిదని. కొందరు బీపీ పడిపోతుందేమోనని కత్తి మొద్దుబార్చిన రకాన్నే వాడతారు. జింకును పట్టుకునే రెండు హిస్టిడిన్లను మారిస్తే కోత ఆగిపోతుంది, వైరస్‌ను పట్టడం ఆగదు. నా మొగ్గు రెండోవైపే. మందుకు ఒకే పని ఉంటే దాని ఫలితం తేల్చడం సులువు. ఒంటి సొంత ప్రోటీన్‌ను మార్చి ఎక్కిస్తే ఒళ్లు దాన్ని పరాయిదనుకుని యాంటీబాడీలు పుట్టించే ప్రమాదం కూడా ఉంది, అవి అసలు ఏసీఈ2 మీదికీ మళ్లొచ్చు.

డెకాయ్ మందులు ఇప్పటికే చంద్రపూర్ దవాఖానల్లో ఉన్నాయి, వైరస్‌కు కాదు

కీళ్లవాతానికి వాడే ఎటనర్సెప్ట్ ఒక డెకాయ్. వాపు తెచ్చే టీఎన్ఎఫ్ అనే పదార్థానికి అది బూటకపు రిసెప్టర్, యాంటీబాడీ తోకతో. 1998 నుంచి వాడుకలో ఉంది. తోక పుణ్యాన రక్తంలో సుమారు నాలుగు రోజులకు గానీ సగానికి తగ్గదు. వారానికి ఒక సూది చాలు.

షుగరు వల్ల కంటి తెర వాస్తే కంట్లో వేసే అఫ్లిబర్సెప్ట్ మరో డెకాయ్, వీఈజీఎఫ్ అనే రక్తనాళాలు పెంచే పదార్థానికి. దీని లెక్క చూస్తే డెకాయ్ ఎక్కడ గెలుస్తుందో తేలిపోతుంది. కన్ను లోపలి జెల్లీ సుమారు 4 మిల్లీలీటర్లు. వేసేది 2 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 500 మైక్రోగ్రాములు, అంటే 4,000 నానోమోలార్ దాటింది. దాని పట్టు అంకె నానోమోలార్‌లో వెయ్యో వంతు కంటే తక్కువ. మూసిన గది, చిన్న గది, లోపల పెరగని శత్రువు. వైరస్‌కు ఈ మూడింట్లో ఒక్కటీ ఉండదు. అది ఒళ్లంతా తిరుగుతుంది, మిగిలిపోయిన ఒక్కటి వేలవుతుంది.

ఒంటి దగ్గరా ఎరలున్నాయి, వైరస్ దగ్గరా ఉన్నాయి

ముక్కు చీమిడి ఉత్త నీళ్లు కాదు. అందులోని మ్యూసిన్ ప్రోటీన్లకు సియాలిక్ ఆమ్లం కొసలుంటాయి. ఫ్లూ వైరస్ కణం మీద వెతికేదీ అదే. చాలా వైరస్ అక్కడే ఇరుక్కుని బయటికి పోతుంది. దీనికి విరుగుడుగా ఫ్లూ వైరస్ ఒక కత్తెర పెట్టుకుంది, న్యూరమినిడేజ్. ఇరుక్కున్న చోట ఆ కొసలను కత్తిరించుకుని ముందుకు జారుతుంది. టామీఫ్లూ మాత్ర ఆపేది ఈ కత్తెరనే. తల్లిపాలలోని కొన్ని చక్కెరలూ బిడ్డ పేగుల్లో ఇలాంటి ఎరలే.

హెపటైటిస్ బి వైరస్ ఆటను తిరగేసింది. అసలు వైరస్ ఒక్కటి తయారైతే, లోపల జన్యువు లేని ఉత్త పెంకులు వెయ్యి నుంచి లక్ష దాకా రక్తంలోకి వదులుతుంది. మన యాంటీబాడీలు ఆ 22 నానోమీటర్ల పెంకుల వెంట పడి అలసిపోతాయి. రక్త పరీక్షలో ‘హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్’ అని రాసేది చాలావరకు ఈ పెంకుల గురించే.

మన వైపు జ్వరాల సంగతి

2006లో దేశంలో 13.9 లక్షల అనుమానిత కేసులతో కీళ్లు విరిచేసిన చికున్‌గున్యా ఈ సరిహద్దు ఊళ్లకు బాగా గుర్తే. దాని రిసెప్టర్ 2018లో దొరికింది, పేరు ఎంఎక్స్ఆర్ఏ8. దానికి యాంటీబాడీ తోక తగిలించిన ఎర ఎలుకల్లో వైరస్‌నూ పాదాల వాపునూ తగ్గించింది. చికున్‌గున్యా కొన్నాళ్లు రక్తంలో తిరుగుతుంది కాబట్టి సూదితో ఇచ్చే ఎర దాన్ని కలిసే అవకాశం ఉంది. ఎర మందుకు ఇది ఒకింత అనువైన జబ్బు.

డెంగీ అనువైనది కాదు. దానికి తప్పనిసరి తలుపంటూ ఒకటి లేదు. హెపరాన్ సల్ఫేట్, డీసీ-సైన్, టిమ్, టామ్ కుటుంబాల ప్రోటీన్లు, ఏది దొరికితే అది పట్టుకుంటుంది. ఒక తలుపుకు నకలు చేస్తే పక్క తలుపు తెరిచే ఉంటుంది.

చండీపుర మరీ కష్టం. 1965లో నాగపూర్ దగ్గరి చండీపుర ఊళ్లో జ్వరం వచ్చిన పెద్దవాళ్ల రక్తంలో ఈ వైరస్‌ను మొదట గుర్తించారు. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు వచ్చి 183 మందిని పొట్టనపెట్టుకుంది. దీని దగ్గరి చుట్టం వీఎస్‌వీ అనే పశువుల వైరస్. అది ఎల్‌డీఎల్ఆర్ ద్వారా దూరుతుందని 2013లో తేలింది, కరిగే ఎల్‌డీఎల్ఆర్ ఎర ల్యాబులో దాన్ని ఆపింది కూడా. కానీ చండీపురలో పొద్దున జ్వరమొచ్చిన బిడ్డకు సాయంత్రానికి ఫిట్స్ వస్తాయి, తరచుగా ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. అప్పటికి జబ్బు మెదడుకు చేరి ఉంటుంది. లక్ష డాల్టన్ల ప్రోటీన్‌ను మెదడు గుమ్మం లోపలికి రానివ్వదు. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో దాచాల్సిన సూదిమందు సిరోంచ అవతలి పల్లెకు ఆ కొద్ది గంటల్లో చేరాలి. చేరినా, అది తిరిగేది రక్తంలోనే.